పిక్క చుట్టూ పట్టుపోగు

ధర్మవరం,
జూలై 2

అక్కా,

అందరూ క్షేమం అని మొదలుపెడితే "మరి ఉత్తరం ఎందుకు రాశావు" అంటావు, అందుకే ఆ మాట రాయడం లేదు. ముప్పయ్యేళ్లు ఊళ్లో ఉత్తరాలు పంచిన మనిషి కూతుళ్లం. ఫోన్లో ఎన్ని మాట్లాడుకున్నా నెలకొకటి కాగితం మీద రాసుకోవాలని నాయన పోయిన రోజు అనుకున్నాం కదా, ఇదిగో ఈ నెలది.

నాకిక్కడ ఊపిరి సలపడం లేదు. బెంగళూరు వాళ్ల పెళ్లికి మూడు పట్టుచీరలు ఒప్పుకున్నాం. శ్రావణంలో ముహూర్తం. ఒప్పుకున్న వారానికే తిరుపాల్ మానేశాడు. గుర్తున్నాడా, మగ్గం మీద మా ఆయన పక్కన కూర్చుని, అంచు పోగును అటూ ఇటూ దాటించే నాడె వేసేవాడు. పెద్ద అంచు చీర ఒక్కరి వల్ల కాదు, పక్కన రెండో మనిషి ఉండాల్సిందే. ఇప్పుడు ఆ రెండో మనిషిని నేనే. పొద్దున ఆరింటికి మగ్గం గుంటలోకి కాళ్లు దించితే దీపాలు పెట్టాక పైకి తీస్తున్నాను. కింద పలకలు తొక్కేది ఆయన, నా కాళ్లు ఊరికే వేలాడుతుంటాయి. ఈసారి నెలలో ఆ నాలుగు రోజులు మగ్గం ఆపే బెడద కూడా లేదు కాబట్టి పని సాగుతోంది.

అసలు సంగతి మా అత్త కాలు. గృహప్రవేశం నాడు నువ్వు చూశావు, ఎడమకాలు కాస్త వాపుగా ఉంటుంది. ఇప్పుడది బాగా ఎక్కువైంది. ఇంట్లో టేపు దొరక్క పట్టుపోగుతో కొలిచాను. మోకాలికి జానెడు కింద, పిక్క లావుగా ఉన్నచోట చుట్టి తెంపాను. ఈ కవరులో ఎర్రపోగు మంచి కాలిది, ఆకుపచ్చ పోగు వాచిన కాలిది.

నర్సింగు పిల్లలకు రక్తనాళాల పాఠం చెప్తావు కదా, ఇది ఏ నాళం చేసిన పనో చెప్పు. "డాక్టరు దగ్గరికి పో" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవద్దు. అత్తను తీసుకుపోవాలంటే నేను మగ్గం దిగాలి, దిగితే ముహూర్తానికి చీరలు అందవు.

పద్దు

•

హిందూపురం,
జూలై 7

పద్దూ,

రెండు పోగులూ బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసి అదిరిపడ్డాను. రెండు వేళ్ల తేడా! ఆవిడ ఆ కాలితో నడుస్తోందా, ఈడ్చుకుంటోందా?

ముందు పాఠం. నువ్వే అడిగావు కాబట్టి ఆవలించకుండా చదువు. మనవాళ్లకు ఒంట్లో దారంలా ఉండేదంతా నరమే. మా పిల్లల చేత ఆ మాట మాన్పించడానికే మొదటి వారమంతా నా గొంతు పోతుంది. గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకుపోయేవి ధమనులు. వాటి గోడలు మందం, మణికట్టు దగ్గర వేలికి తగిలి కొట్టుకునేది ధమనే. అవి చీలి చీలి వెంట్రుక కంటే సన్నమైపోతాయి. కండకు కావలసిన గాలీ తిండీ అక్కడే అందుతాయి. తిరుగు ప్రయాణం సిరల్లో. పాదం నుంచి గుండెదాకా రక్తాన్ని ఎక్కించడానికి కాలి అడుగున ఇంకో గుండె లేదు, పిక్క కండే ఆ పని చేస్తుంది. నడిచినప్పుడల్లా అది బిగిసి లోపలి సిరను పిండుతుంది, రక్తం పైకి పోతుంది. మళ్లీ కిందికి జారకుండా సిర లోపల చిన్న చిన్న కవాటాలు మూసుకుంటాయి.

మూడో దారి ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఆ సన్నటి నాళాల్లోంచి రోజూ కొంత నీరు కండలోకి ఊరుతుంది, డ్రిప్పు పైపు పక్కన మన్ను తడిసినట్టు. అందులో చాలావరకు తిరిగి రక్తంలోకి పోతుంది. మిగిలిపోయిన దాన్ని ఏరుకుపోయేవి లింఫ్ నాళాలు, పుస్తకాల్లో శోషరస నాళాలు అంటారు. ఆ నీరు గజ్జల్లో, చంకల్లో ఉండే గ్రంథుల్లో వడకట్టుకుని చివరికి మెడ కింది ఎముక దగ్గర పెద్ద సిరలో కలుస్తుంది. దారి మూసుకుపోతే నీరంతా కాలిలోనే నిలుస్తుంది. మనం చూసే బోదకాళ్లు అలా వచ్చినవే.

మీ అత్తకు అరవై రెండేళ్లు. వాపు ఏళ్లనాటిది, మెల్లగా పెరిగింది. కాబట్టి ఇది లింఫ్ వాపే, సందేహం లేదు. కాలు దిండు మీద ఎత్తి పెట్టించు. రోజూ రెండు పూటలా కొబ్బరినూనె రాసి, పాదం దగ్గర మొదలుపెట్టి మోకాలి వైపు తోస్తూ రుద్దు. తీరిక దొరకగానే డాక్టరుకు చూపించు. వారానికోసారి కొలిచి పోగు పంపు.

ఇంకో సంగతి. నాలుగు రోజుల బెడద లేదని ఒక ముక్క విసిరేసి అత్త కాలు వెనక దాక్కున్నావు. ఏమే, పెళ్లయిన ఆరేళ్లకు శుభవార్తా? అమ్మకు చెప్పమంటావా, నువ్వే చెప్తావా?

సుధ

•

ధర్మవరం,
జూలై 14

అక్కా,

శుభవార్తా లేదు, ఏమీ లేదు. నువ్వు అమ్మకు చెప్పి ఆమె ఇరుగుపొరుగుకు మిఠాయి పంచకముందే రాస్తున్నాను. నా ఒళ్లు బాగానే ఉంది, ఆ మాట వదిలెయ్.

రెండు చీరలు దింపాం. మూడోది పెళ్లికూతురిది, వంగపండు రంగుకు ఆకుపచ్చ అంచు. కొంగు మొదలుపెడితే ఎనిమిది రోజుల పని. మధ్యలో లేవకుండా ఉండాలని నీళ్లు కూడా తగ్గించాను. నువ్వు తిడతావని తెలిసే రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే రెండు పూటలా రుద్దుతున్నాను. మొదటి రెండు రోజులు హాయిగా ఉందంది. నిన్నటి నుంచి పిక్క వేడిగా ఉంది, చర్మం నిగనిగలాడుతోంది. పాదం పైకి వంచితే లోపల ఏదో పట్టి లాగుతోందట. పసుపు పోగు చూడు, వాచిన కాలిదే. పోయినసారి కంటే ఇంకా పెరిగింది. సరిగ్గా రుద్దడం లేదేమోనని ఈరోజు ఇంకాస్త గట్టిగా రుద్దాను.

నువ్వు మెల్లగా పెరిగిందని రాశావు, నేనే సరిగా చెప్పలేదేమో. ఈ ఎక్కువ వాపు మెల్లగా రాలేదక్కా. జూన్ ఇరవై ఎనిమిది పొద్దున లేచేసరికి ఉంది, ముందు రోజు లేదు. దాని వల్ల తేడా ఏమైనా ఉంటుందా?

పద్దు

•

పెనుకొండ,
జూలై 18, మధ్యాహ్నం

పద్దూ,

రుద్దడం ఆపు. ఈ వాక్యం చదవగానే నూనె గిన్నె అవతల పెట్టు. ఫోన్ మోగుతోంది కానీ నువ్వు తీయడం లేదు, తీసేదాకా రాస్తుంటాను.

ఇక్కడ ప్రాక్టికల్ పరీక్షలకు ఎగ్జామినర్‌గా వచ్చాను. నీ ఉత్తరం బస్సులో చదవొచ్చని బ్యాగులో వేసుకుని మరిచిపోయాను. ఇప్పుడు భోజనాల వేళ విప్పాను. "పొద్దున లేచేసరికి" అన్న దగ్గర కంచం పక్కకు తోసేశాను.

ఒక్క కాలు, ఒక్క రోజులో వాపు, వేడి, పాదం వంచితే పిక్కలో నొప్పి. ఇది లింఫ్ కాదు, సిర. పిక్క లోతున ఉండే సిరలో రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటే ఇలా ఉంటుంది. అలాంటి కాలిని రుద్దకూడదు. ప్రతి ఏడూ నల్లబోర్డు మీద నేనే రాసే మాట. గడ్డ ఊడి కదిలితే దానికి అడ్డేమీ ఉండదు. సిర పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కదా. తొడ దాటి, పొట్ట దాటి, గుండె కుడివైపుకు పోతుంది. అక్కడి నుంచి ఊపిరితిత్తుల్లోకి పోయే ధమని సన్నబడుతూ పోతుంది, అక్కడ ఇరుక్కుంటుంది. రుద్దమని రాసింది నేను. ఎప్పుడు వాచింది అని ఒక్క మాట అడగకుండా, సందేహం లేదని రాశాను. నా చెయ్యి పడిపోనూ.

పోగులు మూడూ బ్యాగులోనే ఉన్నాయి. వాపు ఎంతో సరిగా అర్థం చేసుకుందామని ఎర్రపోగును నా పిక్కకు చుట్టి చూశాను. రెండు కొసలూ సరిగ్గా కలిశాయి. పద్దూ, మీ అత్త లావు మనిషి. ఆమె మంచి కాలు కూడా నా కాలికి ఒకటిన్నర ఉంటుంది. నా కొలతకు సరిపోయే కాలు ఈ లోకంలో ఒక్కటే ఉంది. మనిద్దరివీ అమ్మ కాళ్లని నాయన ఎప్పుడూ నవ్వేవాడు.

ఇక్కడి వరకు రాసి మళ్లీ ఫోన్ చేశాను. నువ్వు తీయలేదు. మీ ఆయన హరీష్ తీశాడు.

"ఏమప్పా, అత్తకు కాలు ఎట్లుండాది?" అన్నాను.

"అమ్మకా? బాగానే ఉండాది వదినా. నిన్నగూడా సంతకు నడిచిపోయొచ్చింది. ఎప్పుడూ ఉండే వాపే."

"పద్దు యాడుండాది?"

"ఈడే ఉండాది. ఇప్పుడే మగ్గంలో నుంచి లేచింది. ఆయాసమొస్తాండాది, రొమ్ములో పొడుస్తాండాదని గోడకానుకొని కూర్చునింది. గ్యాసు మాత్ర ఇచ్చినా."

నేను ఏమని అరిచానో నాకే తెలియదు. అన్నాలు తింటున్న పిల్లలందరూ లేచి నిలబడ్డారు. అంబులెన్సు పిలవమన్నాను, ఒక్క అడుగు కూడా నడిపించవద్దన్నాను, ఆ కాలు ఎవరూ ముట్టుకోవద్దన్నాను. అతను అంబులెన్సుకు చేశాడు. నన్ను నీ దగ్గరికి తెచ్చే ఆటో వచ్చేదాకా ఊరికే ఉండలేక మళ్లీ ఈ కలం పట్టుకున్నాను.

ఈ కాగితం పోస్టులో వేయను. నీ చేతికే ఇస్తాను. తీసుకోవడానికి నువ్వు ఉండాలి.

సుధ

•

ధర్మవరం,
ఆగస్టు 24

అక్కా,

నువ్వు చేతికిచ్చిన కాగితం ఆసుపత్రిలో దిండు కింద పెట్టుకున్నాను. ఆక్సిజన్ మాస్కు తీసిన రోజు మొదట చదివింది అదే. రెండు ఊపిరితిత్తుల్లోనూ గడ్డలున్నాయని, ఇంకో గంట ఆలస్యమైతే దక్కేదాన్ని కానని డాక్టరు ఆయనకు చెప్పాడట. ఆయన నాకు చెప్పలేదు, గోడవైపు తిరిగి ఏడుస్తుంటే నేనే అడిగి చెప్పించుకున్నాను.

పదకొండు రోజులు నా మంచం పక్కన కూర్చున్నావు. అత్త కాలని ఎందుకు రాశావే అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే మళ్లీ ఏదో కల్పించి చెప్పేదాన్ని. డాక్టరుకు అలాగే చెప్పాను. "ఏమైనా మాత్రలు వాడుతున్నావామ్మా" అంటే లేదన్నాను. మంచానికి ఒక పక్క ఆయన, ఇంకో పక్క అత్త ఉన్నారు. ఇప్పుడు మగ్గం గదిలో ఎవరూ లేరు, రాస్తున్నాను.

నెలసరి రాకుండా ఉండే మాత్రలు వేసుకున్నానక్కా. వ్రతాలకు, తిరుమల ప్రయాణాలకు అందరూ వేసుకునేవే. మా ఇంట్లో ఆ నాలుగు రోజులు ఆడవాళ్లు మగ్గం గదిలో అడుగుపెట్టకూడదు. మగ్గం మీద పెళ్లిచీర ఉంటే గడప కూడా తొక్కనివ్వరు. తిరుపాల్ పోయాక నేను నాలుగు రోజులు లేవడమంటే మగ్గం నాలుగు రోజులు ఆగడమే. రెండు నెలలకు కలిపి ఎనిమిది రోజులు. మందుల షాపులో అడిగాను, అతను పేరు కూడా అడగకుండా ఇచ్చాడు. రోజుకు మూడు. వారం వేసుకుని ఆపేద్దామనుకున్నాను. ఆపితే రెండు రోజుల్లో వచ్చేస్తుంది, అప్పుడెలా అని ఇంకో వారం వేసుకున్నాను. అలా జూన్ ఐదు నుంచి నువ్వు ఫోన్ చేసిన రోజు పొద్దుటి దాకా. నలభై నాలుగు రోజులు. మాత్రల ఖాళీ అట్టలు, పోగు చుట్టే కండెల బుట్ట అడుగున దాచాను, ఇంకా అక్కడే ఉన్నాయి.

నా కాలని రాస్తే నువ్వు మొదట అడిగేది "ఏం మింగుతున్నావే" అనే. అందుకే అత్త కాలన్నాను. ఆమెకు ఎలాగూ వాపు ఉంది, నువ్వు నమ్ముతావనుకున్నాను. ఫోన్లో అడగలేదు ఎందుకంటే నీకు ఫోన్లో అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. కాగితం మీద చేతనవుతుందని ఈ ఏడే తెలిసింది. నాయనకు తెలిస్తే ఏమనేవాడో.

పెళ్లికూతురి చీర ముహూర్తానికి అందలేదు. ఇంకో చీర కట్టుకుని పెళ్లి చేసుకుందట. పెళ్లి బాగానే జరిగిందట.

ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు.

పద్దు

•

హిందూపురం,
ఆగస్టు 29

పద్దూ,

నలభై నాలుగు రోజులు! నీ ఉత్తరం పట్టుకుని వంటగదిలో నిలబడిపోయాను. పాలు పొంగి స్టవ్వు ఆరిపోయిన సంగతి కూడా పక్కింటావిడ వచ్చి చెప్పాల్సి వచ్చింది. కోపమా, ఏడుపా, నాకే తెలియడం లేదు. రెండూ ఉన్నాయి. నువ్వు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టి తర్వాత ఒళ్లో వేసుకునేదాన్ని.

ఆ మాత్రలు రక్తాన్ని తొందరగా గడ్డకట్టిస్తాయి. అందరికీ కాదు, కొందరికి. అన్నన్ని రోజులు, అంత మోతాదులో వేసుకుంటే భయం ఇంకా ఎక్కువ. నువ్వు పైగా పద్నాలుగు గంటలు కాళ్లు గుంటలో వేలాడేసి కూర్చున్నావు. పిక్క కదలదు, సిరలో రక్తం కదలదు, నీళ్లు కూడా తాగవు. ఇన్నీ చాలవన్నట్టు నేను రుద్దమన్నాను. నువ్వు అబద్ధం రాశావు, నేను సందేహం లేదని రాశాను. నాదే పెద్ద తప్పు. నీది భయం వల్ల వచ్చింది, నాది గొప్ప వల్ల వచ్చింది. మొన్న క్లాసులో "మీ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను" అని ఆ ఏడో తేదీ ఉత్తరం సంగతి పిల్లలకు చెప్పాను. ఒకమ్మాయి "మీరే అట్ల చేసినారా మేడమ్?" అని నోరు తెరిచింది. అవును, నేనే చేశాను అన్నాను.

ఎవరికీ చెప్పొద్దన్నావు. ఆ ఒక్క మాట వినను. డాక్టరుకు తెలియకపోతే నీ మందు ఎన్నాళ్లో ఆయన ఎలా తేలుస్తాడు? రేపు కానుపు వస్తే, ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ఇలాంటి మాత్రే రాస్తే ఏం చేస్తావు? డాక్టరుకు చెప్పు. హరీష్‌కు చెప్పు. మీ అత్తకు కూడా చెప్పు, ఎందుకంటే ఆ గడప నియమం ఆవిడది. వినాయక చవితి దాటేలోగా నువ్వు చెప్పకపోతే నేనే వచ్చి కండెల బుట్ట నట్టింట్లో బోర్లిస్తాను. నిన్ను పోగొట్టుకోవడం కంటే నీ చేత తిట్టించుకోవడం నాకు సులువు.

సుధ

•

ధర్మవరం,
నవంబరు 9

అక్కా,

చవితి ముందురోజు చెప్పాను. ఫోన్లో "చెప్పేశాను" అని ఒక్క ముక్క అంటే నువ్వు ఏడ్చి పెట్టేశావు. మిగిలింది కాగితానికే అట్టిపెట్టాను, చేతికి ఇప్పుడు తీరింది.

అట్టలన్నీ తెచ్చి అత్త ముందు పెట్టాను. ఆయన తల పట్టుకుని కూర్చున్నాడు. అత్త ఒక అట్ట తీసుకుని వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. కేకలు వేస్తుందనుకుని కళ్లు మూసుకున్నాను. ఆమె చీర మోకాలి దాకా ఎత్తి ఆ వాచిన కాలు నా ముందుకు చాపింది.

"ఈ కాలెందుకు వాచిందో ఎవురన్నా అడిగినారా మే?" అంది.

ఎవరూ అడగలేదక్కా. ఎప్పుడూ ఉండే వాపే అనుకున్నాం.

"నాకు ఇరవై ఎనిమిదేండ్లప్పుడు మీ మామ పక్కన అంచు నాడె వేసేదాన్ని నేనే. గుడికి ఇయ్యాల్సిన చీర. కాంపౌండరు ఇట్లాంటి మాత్రలే ఇస్తాండె, నెల దాటి మింగినా. ఒగదినం పొద్దున లేసేతలికి కాలిట్లయ్యింది. మాత్రలు మింగి దేవుని చీర ముట్టినందుకు దేవుడే చేసినాడనుకొని నోరు మూసుకొన్యా. ముప్పై నాలుగేండ్లయ్యింది. మీ మామకు గూడా చెప్పలే."

ఆయన తల ఎత్తి వాళ్లమ్మను చూసిన చూపు నేను రాయలేను. దేవుడే చేశాడనుకుంది కాబట్టే ఆ నియమాన్ని నా దాకా తెచ్చింది. పట్టుదల వల్ల కాదు, భయం వల్ల. మళ్లీ ఎవరికైనా అలా అవుతుందని మమ్మల్ని గడప దగ్గరే ఆపిందట.

డాక్టరుకు అంతా చెప్పాను, అత్తను కూడా తీసుకుపోయాను. ఆమె కాలికి స్కాను తీశారు. పాతగడ్డ ఎప్పుడో కరిగి మచ్చ కట్టిందట, లోతు సిరలో కవాటాలన్నీ పాడైపోయి రక్తం కిందికే జారుతోందట. లింఫ్ కాదు. ఆమె విషయంలో కూడా నువ్వు తప్పే రాశావక్కా. కాలికి బిగుతు మేజోళ్లు ఇచ్చారు. మొదటి రోజు వాటిని తొడుక్కోవడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది, నవ్వి నవ్వి మంచం మీద పడ్డాం.

పోయిన నెల నా రెండో రోజు. నేను వంటింట్లో ఉన్నాను. అత్త వచ్చి చెయ్యి పట్టుకుని మగ్గం గదిలోకి నడిపించింది. గడప దగ్గర నా కాలే ముందుకు పడలేదు. "రా మే, నీకంటే ఎక్కువైన చీర ఏదీ లే" అంది. గంటకోసారి ఫోన్లో గంట మోగితే ముగ్గురం లేచి వాకిట్లో నాలుగు అడుగులు వేసి వస్తాం. వీధిలో వాళ్లు ఏం పూజ చేస్తున్నారు అని అడుగుతున్నారు.

ఈ కవరులో నాలుగు పోగులున్నాయి. ఎర్రవి రెండూ నావి, వాటిలో తేడా ఇప్పుడు గింజంత. ఆకుపచ్చవి రెండూ అత్తవి, ఆమె కూర్చుని నా చేత కొలిపించుకుంది. తేడా బాగా ఉంది, తగ్గదన్నారు. అక్కా, ఈసారి ఏది ఎవరి కాలో నిజంగానే రాశాను.

పద్దు